మీకు తెలుసా? వెన్నెల్లోనూ హరివిల్లు విరుస్తుంది!

హరివిల్లు అనగానే ఎండా వానా గుర్తొస్తాయి కదూ? ఎండ లేకపోయినా అది విరుస్తుంది తెలుసా! పున్నమి రాత్రి, పెద్ద జలపాతం దగ్గర, 12 గంటలు కొట్టాక కూడా! ఇంగ్లిషు వాళ్లు దాన్ని మూన్‌బో అంటారు. మనం ముద్దుగా వెన్నెలవిల్లు అందాం. దాన్ని ఫొటో తీయడం ఇంకో పెద్ద తమాషా! గుట్లన్నీ ఒక్కొక్కటే విప్పుతాను. చెవి ఇటు పారేయండి!

మొదటి గుట్టు ఇదే! నీటి తుంపర మీద మీ కంటికి కనిపించేది ఒక తెల్లటి చార. పాలతో గీసినట్టు ఉంటుంది! రంగుల జాడే ఉండదు. "ఓస్, ఇంతేనా?" అనిపిస్తుంది. ఇప్పుడు కెమెరాని స్టాండు మీద పెట్టి 15 సెకన్లు తెరిచి ఉంచండి. వెనక తెర మీద బొమ్మ పడుతుంది. పై అంచున ఎరుపు! దాని కింద పసుపు, ఆకుపచ్చ! అడుగున ఊదా! తలెత్తి చూస్తే మళ్లీ తెలుపే! అదే విల్లు, అదే చోటు!

చందమామ గుట్టు

పున్నమి చంద్రుడు వెలిగిపోతున్నాడు అంటాం కదా! సూర్యుడి ముందు ఆయన ఏపాటి? పున్నమి వెన్నెల కంటే ఎండ దాదాపు 4 లక్షల రెట్లు ఎక్కువ! అంటే హరివిల్లుకి దొరికిన వెలుగులో 4 లక్షలో వంతే వెన్నెలవిల్లుకి దక్కేది. అంత పేద వెలుగుతోనూ అది ఏడు రంగులూ కడుతుంది చూడండి!

ఇంకా విచిత్రం! చందమామ తెల్లనివాడే కాదు! తన మీద పడ్డ ఎండలో సుమారు 12 శాతమే తిప్పి పంపుతాడు. మిగతాదంతా మింగేస్తాడు. అరిగిపోయిన తారు రోడ్డు ఎంత నల్లగా ఉంటుందో ఆయన ఒళ్లూ ఇంచుమించు అంతే! చుట్టూ ఆకాశం మరీ నల్లగా ఉండబట్టి మనకు వెండి పళ్లెంలా కనిపిస్తాడు!

సగం చంద్రుడుంటే సగం వెన్నెల వస్తుందా? రాదు! అష్టమినాటి వెన్నెల పున్నమి వెన్నెలలో దాదాపు 10వ వంతే! చంద్రుడి మీద గుంటలూ గుట్టలూ ఉన్నాయి కదా. పక్కనుంచి ఎండ పడితే వాటి నీడలు వెలుగుని తినేస్తాయి. పున్నమినాడు ఎండ ఎదురుగా పడుతుంది. నీడలన్నీ దాక్కుంటాయి! అందుకే వెన్నెలవిల్లు వేటగాళ్లు అష్టమినాడు హాయిగా నిద్రపోతారు!

ఆ రాత్రి మీ కెమెరాలో పడే వెలుగు ఎంత దూరం తిరిగొచ్చిందో తెలుసా? సూర్యుడి దగ్గర బయల్దేరి, చంద్రుడికి తగిలి, నీటి చుక్కలో దూరి, వెనక్కి మళ్లి, మీ లెన్సులోకి వచ్చింది! చంద్రుడి నుంచి మన దాకా రావడానికి పట్టింది 1.3 సెకన్లే! కనురెప్ప నాలుగు సార్లు కొట్టేలోపు వచ్చేసింది!

వెన్నెల చల్లన, తెల్లన అని పాడుకుంటాం. కెమెరాని అడగండి, వేరే మాట చెబుతుంది! వెన్నెల ఎండ కంటే కాస్త పసుపు! ఫొటోగ్రాఫర్ల లెక్కలో వెన్నెల రంగు సుమారు 4,100 కెల్విన్. మధ్యాహ్నపు ఎండ అంతకంటే నీలం వైపు ఉంటుంది. వెన్నెల నీలంగా తోచడం మన కళ్లు చేసే గారడీ!

చంద్రుడు మనకి దగ్గరగా వచ్చిన పున్నమిని సూపర్‌మూన్ అంటారు కదా! దూరంగా ఉన్న పున్నమి కంటే అది 30 శాతం దాకా ఎక్కువ వెలుగు కురిపిస్తుంది! వెన్నెలవిల్లు వేటగాళ్లకి అది బోనస్ జీతం లాంటిది! అదే నిండు చంద్రగ్రహణం పడితే? జీతమే లేదు! వెలుగు వేల రెట్లు పడిపోతుంది. విల్లు దీపం ఆర్పినట్టు మాయం!

కొలతల గుట్టు

వెన్నెలవిల్లు కోసం చంద్రుడి వైపు చూశారా, జన్మలో కనిపించదు! చంద్రుడు మీ వీపు వెనక ఉండాలి. తుంపర మీ ఎదుట ఉండాలి. మీ తల నీడ ఎక్కడ పడిందో చూసుకోండి. అక్కడి నుంచి సరిగ్గా 42 డిగ్రీల దూరంలో విల్లు ఉంటుంది! పగటి హరివిల్లుదీ ఇదే లెక్క. సూర్యుడైనా చంద్రుడైనా నీటి చుక్కకి ఒక్కటే!

42 డిగ్రీలు ఎలా కొలవాలి? మీ దగ్గరే స్కేలు ఉంది! చెయ్యి బారుగా చాపండి. వేళ్లు విడదీసి జాన పెట్టండి. ఆ జాన ఆకాశంలో సుమారు 21 డిగ్రీలు! తల నీడ దగ్గర నుంచి పైకి ఒక జాన, దాని మీద ఇంకో జాన. అంతే, అక్కడే విల్లు! పిల్లలకి చిన్న జాన కదా, కుదరదేమో అనుకుంటున్నారా? వాళ్ల చెయ్యీ చిన్నదే! లెక్క సరిపోతుంది!

విల్లు మందమెంతో కొలుద్దామా? చాపిన చేతి బొటనవేలు అడ్డం పెట్టండి. విల్లు దాని వెనక దాక్కుంటుంది! ఎరుపు నుంచి ఊదా దాకా మొత్తం 2 డిగ్రీలే! నలుగురు చంద్రుళ్లని పక్కపక్కన పేరిస్తే ఎంతో, ఏడు రంగులూ కలిపి అంత!

చంద్రుడు నడినెత్తికి వస్తే బ్రహ్మాండంగా ఉంటుంది అనుకుంటున్నారా? పొరపాటు! ఆయన 42 డిగ్రీలు దాటి పైకెక్కితే విల్లు నేలలోకి దిగిపోతుంది! సమతలంగా ఉన్న చోట ఇక కనిపించదు. మనలాంటి వేడి దేశాల్లో చంద్రుడు నిటారుగా ఎక్కుతాడు. ఉదయించిన 3 గంటలకే గీత దాటేస్తాడు! విల్లు కావాలంటే ఆయన కిందుండగానే పట్టుకోవాలి. లేదంటే మళ్లీ దిగేదాకా, తెల్లవారుజాము దాకా కాపు కాయాలి!

మీరూ మీ స్నేహితుడూ పక్కపక్కన నిలబడి చూసినా ఇద్దరూ చూసేది ఒకే విల్లు కాదు! ఎవరి తల నీడ వాళ్లది, ఎవరి విల్లు వాళ్లది! ఇంకా చెప్పనా? మీ కుడి కంటికి ఒక విల్లు, ఎడమ కంటికి ఇంకో విల్లు! రెండు కళ్ల మధ్య ఎడం సుమారు 6 సెంటీమీటర్లు. ఆ మాత్రం జరిగినా రంగు పంపే చుక్కలు మారిపోతాయి!

కొన్ని ఫొటోల్లో విల్లు పైన ఇంకో విల్లు ఉంటుంది! అది తల నీడ నుంచి సుమారు 51 డిగ్రీల దూరంలో ఉంటుంది. దాంట్లో రంగులన్నీ తిరగబడి ఉంటాయి! ఎరుపు కిందికి, ఊదా పైకి! చుక్క లోపల వెలుగు ఒకసారి కాక రెండుసార్లు తిరగడం వల్ల వచ్చిన తిరకాసు ఇది. రెండు విల్లుల మధ్య ఆకాశం చుట్టుపక్కల కంటే నల్లగా ఉంటుంది. గమనించండి!

ఆగండాగండి! చంద్రుడి చుట్టూ పడే వరదగుడి, ఇదీ ఒకటే అనుకుంటున్నారా? కాదు! వరదగుడి చంద్రుణ్ణి నడిమధ్యన పెట్టుకుంటుంది. ఆయన నుంచి దాని దూరం 22 డిగ్రీలు, అంటే ఒక జాన! దాన్ని కట్టేవి పైన మబ్బుల్లోని మంచు పలుకులు. వెన్నెలవిల్లు కట్టేవి నీటి చుక్కలు. ఒకటి చంద్రుడి వైపు, ఒకటి సరిగ్గా ఎదురు వైపు!

తుంపర ఎంత సన్నగా ఉంటే అంత మంచిదా? కాదు సుమా! చుక్క మరీ చిన్నదైతే రంగులు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి. 0.05 మిల్లీమీటర్ల కంటే చిన్న చుక్కలైతే కెమెరాకి కూడా తెల్లటి విల్లే దొరుకుతుంది! పొగమంచులో పడేది అలాంటి విల్లే. జలపాతం చుక్కలు దానికంటే లావు. అందుకే రంగులు విడివిడిగా దక్కుతాయి!

కంటి గుట్టు

మన కంట్లో వెలుగుని పట్టే కణాలు రెండు రకాలు. బళ్లో చదివే ఉంటారు, దండాలు, శంకువులు! దండాలు సుమారు 12 కోట్లు. వాటికి మసక వెలుగు చాలు. కానీ రంగులు తెలియవు! రంగులు చెప్పే శంకువులు వాటిలో సుమారు 20వ వంతే. పైగా చీకటి పడగానే అవి దుకాణం కట్టేస్తాయి! వెన్నెలవిల్లు తెల్లగా కనిపించేది అందుకే!

జలపాతం దగ్గరికి వెళ్లగానే ఏమీ కనపడదు. కంగారు పడకండి! కన్ను చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు కావాలి. అప్పుడు తుంపర మీద చార మెల్లగా తేలుతుంది! ఈలోగా ఎవరో ఫోన్ వెలిగించారనుకోండి. అయిపోయింది! మళ్లీ మొదటికి! అందుకే అక్కడ అందరూ ఫోన్ మనిషిని కొరకొరా చూస్తారు!

ఇంకో చిత్రం! విల్లుని గుచ్చి గుచ్చి చూస్తే మాయమవుతుంది! ఓరగా చూస్తే తేటగా కనిపిస్తుంది! కంటి నడిబొడ్డున సుమారు 1 డిగ్రీ మేర దండాలే ఉండవు మరి. మనం తేరిపార చూసేది ఆ చోటుతోనే. చీకట్లో ఆ చోటు గుడ్డిది! చూపు కాస్త పక్కకి తిప్పండి. విల్లు వెంటనే తిరిగొస్తుంది!

టార్చి లేకుండా చీకట్లో నడిచేదెలా? దానికీ కిటుకుంది! టార్చికి ఎర్ర జిలుగు కాగితం చుట్టండి. 640 నానోమీటర్లు దాటిన ముదురు ఎరుపు దండాలకి దాదాపు తెలియనే తెలియదు. కాలి కింద రాయి కనిపిస్తుంది. చీకటికి అలవాటైన కన్ను మాత్రం చెడదు! జాగ్రత్త, జలపాతం పక్క రాళ్లు సబ్బు బిళ్లల్లా జారతాయి!

ఇప్పుడు అసలు షాక్! మనకి కనపడని రంగులు బల్లి జాతికి కనిపిస్తాయి! గెక్కో అనే బల్లుల్లో ఒక రకం మీద స్వీడన్ శాస్త్రవేత్తలు 2004లో పరీక్ష పెట్టారు. మసక వెన్నెల్లో అది నీలాన్నీ బూడిద రంగునీ ఇట్టే విడదీసి చెప్పేసింది! మన రంగుల చూపు కంటే దాని కన్ను 350 రెట్లు చురుకట! వెన్నెలవిల్లుని రంగుల్లో చూడటానికి దానికి కెమెరా అవసరం లేకపోవచ్చు!

కెమెరా గుట్టు

మన కన్ను వెలుగుని మూట కట్టుకోలేదు. వచ్చింది వచ్చినట్టు ఖర్చు చేసేస్తుంది! కెమెరా అలా కాదు, పిసినారి! చుక్క చుక్కా కూడబెడుతుంది. 15 సెకన్లు షట్టర్ తెరిచి ఉంచితే ఆ కాసేపూ వచ్చిన వెలుగంతా ఒకే బొమ్మలో పోస్తుంది. ఎపర్చర్ బాగా తెరిచి, ఐఎస్‌ఓ 1,600 దగ్గర పెట్టి మొదలు పెట్టండి. మన కంటికి అందని ఊదా కూడా అందులో పడుతుంది!

ఆ ఫొటో చూస్తే మీరు నమ్మరు! పట్టపగలు తీసినట్టు ఉంటుంది! ఆకాశం నీలంగా, చెట్లు పచ్చగా! "రాత్రి తీశానంటే ఎవరు నమ్ముతారు?" అంటారా? ఫొటోలోని ఆకాశాన్ని చూపించండి. నక్షత్రాలు! వెన్నెల కూడా ఎండే కదా, చంద్రుడికి తగిలి వచ్చింది, అంతే. ఆకాశాన్ని అది కూడా నీలంగానే వెలిగిస్తుంది. మన కంటికి ఆ నీలం అందదు. 30 సెకన్ల ఫొటోకి అందుతుంది!

మొత్తం విల్లు ఒక్క ఫొటోలో పట్టాలంటే ఎంత వెడల్పు లెన్సు కావాలి? విల్లు ఈ కొస నుంచి ఆ కొసకి 84 డిగ్రీలు! ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి 20 ఎంఎం లెన్సు పెడితే అడ్డంగా పట్టేది కూడా సరిగ్గా 84 డిగ్రీలే! కొలిచి కుట్టించిన చొక్కాలా సరిపోయింది! కాస్త గాలి ఆడాలంటే ఇంకొంచెం వెడల్పు లెన్సు తీసుకెళ్లండి!

చీకట్లో కెమెరా ఫోకస్ కుదరదు. లెన్సు ముందుకీ వెనక్కీ గరగరా తిరిగి ఊరుకుంటుంది! దీనికి విరుగుడు ఎక్కడుందో తెలుసా? మీ వీపు వెనకే! కెమెరాని వెనక్కి తిప్పి చందమామ మీద ఫోకస్ చేయండి. ఆయన 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. లెన్సు లెక్కలో అది అనంతం! ఆటో ఫోకస్ ఆపేసి, మళ్లీ జలపాతం వైపు తిప్పేయండి. విల్లు చురకత్తిలా వస్తుంది!

ఖరీదైన పోలరైజర్ ఫిల్టర్ ఉందా? తీసి జేబులో పెట్టుకోండి! హరివిల్లు వెలుగు దాదాపు 96 శాతం ఒకే వాటంలో ఊగుతుంది. ఫిల్టర్‌ని అడ్డంగా తిప్పారా, విల్లు నడిమి ముక్క గుటుక్కున మాయం! వేలు పోసి కొన్న అద్దం విల్లునే మింగేస్తుంది! పగటి హరివిల్లు మీద ఈ తమాషా చూసి ఆనందించండి. రాత్రి మాత్రం వద్దు!

ఇంకాసేపు తెరిచి ఉంచితే ఇంకా రంగులొస్తాయి కదా అనుకుంటే చిక్కే! భూమి తిరుగుతోంది బాబూ! నక్షత్రాలు చుక్కల్లా కాక గీతల్లా పడతాయి. 500ని లెన్సు అంకెతో భాగించండి. 20 ఎంఎం లెన్సుకి 25 సెకన్లు వచ్చింది కదా? అంతకి మించవద్దు! ఫొటోగ్రాఫర్లు చిటికెలో వేసుకునే లెక్క ఇది!

బటన్ నొక్కిన వేలే ఫొటోని పాడు చేస్తుంది తెలుసా! ఆ చిన్న కుదుపుకి రంగుల అంచులు చెదిరిపోతాయి. సెల్ఫ్ టైమర్ 2 సెకన్లకి పెట్టండి. నొక్కి చెయ్యి తీసేయండి. కుదుపు సద్దుమణిగాక అదే తీసుకుంటుంది! చెక్క వంతెన మీద నిలబడ్డారా? పక్కన ఎవరూ అడుగు వేయని క్షణం చూసి నొక్కండి!

ఫ్లాష్ వేస్తే బాగా పడుతుందేమో? అయ్యో, పొరపాటున కూడా వద్దు! చిన్న ఫ్లాష్ వెలుగు ఏ 5 మీటర్లో పోతుంది. జలపాతం దాకా అందదు. ముక్కు ముందున్న నీటి చుక్కల మీద పడి, బొమ్మ నిండా తెల్లటి పూసలు కురిపిస్తుంది! విల్లు రాదు. పక్కవాళ్ల తిట్లు మాత్రం వస్తాయి!

పెద్ద కెమెరా లేదా? దిగులు లేదు! ఇప్పటి కొన్ని ఫోన్లు నైట్ మోడ్‌లో 30 సెకన్ల దాకా వెలుగు కూడబెడతాయి! ఒకటే షరతు, ఫోన్ కదలకూడదు. స్టాండుకి బిగించండి. చేత్తో పట్టుకుంటే ఫోనే పసిగట్టి సమయం తగ్గించేస్తుంది!

వెన్నెలవిల్లు ఫొటోకి అన్నిటికంటే ముఖ్యమైన వస్తువు ఏది? లెన్సా? కాదు. మెత్తటి గుడ్డ! విల్లు కట్టే తుంపరే మీ లెన్సు మీదా వాలుతుంది. 15 సెకన్ల ఫొటో పూర్తయ్యేలోపు అద్దమంతా చుక్కలు! ఇలా చేయండి. ఒక చేత్తో గొడుగు. లెన్సు మీద గుడ్డ కప్పి ఉంచండి. టైమర్ నొక్కండి. చివరి క్షణంలో గుడ్డ లాగేయండి! అయిపోగానే మళ్లీ కప్పేయండి. నాలుగో గుడ్డ తడిసేసరికి ఒక మంచి ఫొటో దక్కుతుంది!

ఇంకో విడ్డూరం వినండి! 98 మీటర్ల జలపాతం పైనుంచి జారిన చుక్క, గాలి అడ్డు లేకపోతే 4.5 సెకన్లలో కింద పడుతుంది. మీ ఫొటో పూర్తయ్యేసరికి మొదట్లో రంగు పంపిన చుక్కలన్నీ ఏట్లో కలిసిపోయి ఉంటాయి! చుక్కలు పోతుంటాయి, కొత్తవి వస్తుంటాయి. విల్లు మాత్రం ఉన్న చోటే నిలబడుతుంది!

ఊళ్ల గుట్టు

వెన్నెలవిల్లు ఎంత అరుదో అరిస్టాటిల్‌ని అడగండి! 2,300 ఏళ్ల కిందటే ఆయన దీని గురించి రాశాడు. 50 ఏళ్లకు పైగా కాలంలో తమకి తెలిసి రెండే రెండు సార్లు కనిపించిందట! వానలో పడే వెన్నెలవిల్లు సంగతి అది. పాపం, ఆయన పక్కన పెద్ద జలపాతం లేదు! ఉంటే పున్నమి పున్నమికీ కాపు కాసేవాడు!

అమెరికాలో కాలిఫోర్నియాకి పదండి! యోసెమిటీ జలపాతం మూడు అంచెలుగా 739 మీటర్లు దూకుతుంది! ఏప్రిల్ నుంచి జూన్ దాకా కొండ మీది మంచు కరిగి హోరెత్తిపోతుంది. అప్పుడే వెన్నెలవిల్లు పండగ! కింది జలపాతం ముందు నడక వంతెన మీద పున్నమి రాత్రి స్టాండ్లు బారులు తీరతాయి. ఆగస్టులో వెళ్లారా? చాలా ఏళ్లు అక్కడ నీళ్లే ఉండవు!

జూన్‌కి ఇంకో వరం కూడా ఉంది! అక్కడ ఎండాకాలం పున్నమి చంద్రుడు బద్ధకస్తుడు. యోసెమిటీ ఆకాశంలో జూన్ పున్నమి చంద్రుడు 35 డిగ్రీలు కూడా ఎక్కడు! విల్లు గీత 42 కదా, దాన్ని తాకనే తాకడు. చలికాలం పున్నమి చంద్రుడు మాత్రం దాదాపు నడినెత్తి దాకా పోతాడు! నీళ్లు, చంద్రుడు, రెండూ ఒకే కాలంలో కలిసొచ్చాయి చూడండి!

ఏ రాత్రి, ఏ గంటకి విల్లు పడుతుందో ముందే చెప్పే జ్యోతిష్యం ఉందా? ఉంది, అది అసలైన ఖగోళ లెక్క! టెక్సాస్ స్టేట్ యూనివర్సిటీ ఆచార్యుడు డొనాల్డ్ ఓల్సన్ బృందం యోసెమిటీకి లెక్క కట్టి 2007లో అచ్చు వేసింది. కొండలు చంద్రుణ్ణి ఎప్పుడు వదులుతాయి, విల్లు తుంపర మీదికి ఎప్పుడు వస్తుంది, అన్నీ చెప్పేశారు! పంచాంగం చూసినట్టు చూసుకుని వెళ్లడమే!

ఆ ఓల్సన్ సామాన్యుడు కాడు! వాన్‌గో గీసిన చంద్రోదయం బొమ్మ ఒకటుంది. అందులోని చందమామని, కొండని, గడ్డివాముల్ని పట్టుకుని లెక్క కట్టాడు. వాన్‌గో చూసిన ఆ దృశ్యం 1889 జులై 13, రాత్రి 9 గంటల 8 నిమిషాలది అని నిమిషంతో సహా తేల్చేశాడు! అలాంటి మనిషి విల్లు సమయం చెబితే తప్పుతుందా!

యోసెమిటీ ప్రేమికుడు జాన్ మ్యూర్ ఏం చేశాడో తెలుసా? ఒక రాత్రి పై జలపాతం పక్కన కొండ అంచున ఉన్నాడు. కాళ్ల కింద వెన్నెలవిల్లు! అది చాలలేదు. జలపాతం వెనక్కి దూరి, పడే నీళ్లలోంచి చంద్రుణ్ణి చూడబోయాడు! గాలి మారింది. జలపాతం మొత్తం ఊగి ఆయన నెత్తిన పడింది! ముడుచుకుని కూర్చుని ఎలాగో బతికాడు. 1912లో వచ్చిన తన పుస్తకంలో ఈ ముచ్చటంతా రాసుకున్నాడు!

యోసెమిటీ ఫొటోల్లో ఒక బొమ్మ చూస్తే మనవాళ్లు ఎగిరి గంతేస్తారు! దక్షిణాన చంద్రుడు ఉంటే, ఎదురుగా ఉత్తరాన జలపాతం. వసంతంలో అదే ఉత్తరాన పైన ఎవరుంటారు? సప్తర్షులు! కింద 7 రంగులు, పైన 7 నక్షత్రాలు, ఒకే ఫ్రేములో! అత్రి, వసిష్ఠుడు అందరూ వంగి విల్లుని చూస్తున్నట్టే ఉంటుంది!

బే ఏరియాలో ఉండే మన తెలుగువాళ్లకి ఒక రహస్యం! ఇంట్లో గోడకి వేలాడే ఇండియా క్యాలెండరులో పౌర్ణమి చూసి బయల్దేరకండి. ఎండాకాలంలో మన సమయానికి కాలిఫోర్నియా 12 గంటల 30 నిమిషాలు వెనక! ఇక్కడ పొద్దున పున్నమి ఘడియ వస్తే అక్కడ ఇంకా ముందు రోజు రాత్రే! అక్కడి చంద్రోదయం చూసుకుని కారు తీయండి!

కెంటకీ రాష్ట్రంలో కంబర్లాండ్ జలపాతం ఉంది. ఎత్తు ఎంతో తెలుసా? 68 అడుగులే! యోసెమిటీ ముందు పొట్టి పిల్ల! కానీ వెన్నెలవిల్లుకి ఊరూరా పేరు మోసింది! పున్నమికి రెండు రోజుల ముందూ వెనకా కూడా కనిపిస్తుంది. అక్కడి పార్కు వాళ్లు ఏటా తేదీల పట్టిక వేసి మరీ పిలుస్తారు!

ఆఫ్రికాకి పోదాం! జాంబియా, జింబాబ్వే మధ్య విక్టోరియా జలపాతం వెడల్పు 1,708 మీటర్లు! అక్కడివాళ్లు దాన్ని మోసి ఓవా తున్యా అంటారు. ఉరిమే పొగ అని అర్థం! పున్నమి రాత్రుల్లో చూసేవాళ్ల కోసమే గేట్లు తెరుస్తారు. పైగా అక్కడ అగాధంలోకి కిందికి చూస్తాం కదా, విల్లు నేలలో ఆగిపోదు! సగం గాజు కాదు, ముప్పాతిక గాజులా చుట్టుకుంటుంది!

నయాగరా జలపాతం పక్కన లూనా ద్వీపం అని ఒక చిన్న లంక ఉంది. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పుకోండి! వెన్నెలవిల్లు వల్లే! ఒకప్పుడు జనం పున్నమి రాత్రి అక్కడికి ఎగబడేవాళ్లు. 1860లో ఒక యువరాజు వచ్చాడని జలపాతం మీద దీపాలు వేశారు. ఇప్పుడైతే రోజూ రంగు దీపాలే! దీపాల రంగులు వచ్చాయి, చందమామ రంగులు దాక్కున్నాయి!

ఐస్‌లాండ్‌లో స్కోగాఫాస్ అనే 60 మీటర్ల జలపాతం ఉంది. అక్కడ జూన్‌లో వెన్నెలవిల్లు దొరకదు. ఎందుకో తెలుసా? రాత్రే రాదు! చలికాలంలో వెళ్లాలి. అదృష్టం బాగుంటే కింద వెన్నెలవిల్లు, పైన పచ్చటి ధ్రువకాంతి! రెండూ ఒకే ఫొటోలో పట్టిన ఘనులున్నారు!

మన పొలం గుట్టు

చివరి గుట్టు! ఇది మాత్రం మన ఊరిదే! విల్లుకి జలపాతమే అక్కర్లేదు. కావాల్సింది నీటి చుక్కలు, పున్నమి, చీకటి. వేరుశనగ చేలో స్ప్రింక్లర్లు తిరుగుతాయి కదా, చుక్కలు అవే! వీధి దీపం కనపడని చేను చూసుకోండి. చంద్రుడు జానెడు ఎత్తులో ఉండగా ఆయనకి వీపు పెట్టండి. 20 నిమిషాలు ఫోన్ ముట్టకండి. ఫొటోకి 25 సెకన్లు ఇవ్వండి!

రాత్రి కరెంటు రోజులు గుర్తున్నాయా? 2 గంటలకి మోటారు వేసి, గట్టు మీద కూర్చుని రైతు చందమామ వైపు చూస్తూ తెల్లార్చేవాడు. స్ప్రింక్లరు చినుకులు వెన్నెల్లో తిరుగుతుండేవి. ఎన్ని పున్నములకి ఆయన వీపు వెనక పల్చటి తెల్ల చారలా వెన్నెలవిల్లు నిలబడి ఉంటుందో! ఈ పున్నమికి చేలోకి వెళ్తే, ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి!